గాజుతొట్టెలో ఆఫ్రికా సరస్సు

నల్లగొండనుండి మిర్యాలగూడకు పోవు బాటలో వేములపల్లి అను ఊరు కలదు. అచ్చట నాగార్జునసాగరపు ఎడమ కాలువను దాటి పోవలెను. కాలువకు నీరు వదలిన దినములలో ఆ వంతెనమీద కొంతసేపు నిలువని బాటసారి అరుదు. ఒక వానకాలము చివర మేము ఆ యూర బంధువుల యింటికి పోయియుంటిమి. ఆ యింటి నడిమి గదిలో, రేడియో పెట్టిన బల్లప్రక్కన, క్రొత్తగా ఒక గాజుతొట్టె వెలసియుండెను. ఇంటి పెద్దకుమారుడు పదవ తరగతి చదువుచున్నాడు. తాను దాచుకొన్న సొమ్ముతో పట్టణమునకు పోయి, రంగురంగుల చేపలు పండ్రెండింటిని ప్లాస్టికు సంచిలో తెచ్చుకొన్నాడట. అంగడివాడు అవి అన్నియు ఆఫ్రికా చేపలే యనియు, ఒకే జాతివి గనుక కలిసి బ్రతుకుననియు చెప్పెనట.

మేము చూచునాటికి పండ్రెండింటిలో అయిదు మిగిలియుండెను. నల్లచారలు గల పసుపుచేప యొకటి తొట్టె నంతయు తన యేలుబడిలో పెట్టుకొని యిటునటు తిరుగుచుండెను. తక్కిన నాలుగును చినిగిన రెక్కలతో నీటిమట్టమునకు దాపుగ, మూలలయందు ఒదిగియుండెను.

బాలుడు మమ్ముజూచి, "అన్నీ ఆఫ్రికా చేపలేనాయె గద మామయ్యా! ఒకదాన్నొకటి ఎందుకు సంపుకున్నయి?" అని యడిగెను. మేము బదులు చెప్పకమునుపే లోపలినుండి వాని నాయనమ్మ, "ఇగ ఆటిని గోస పెట్టకు బిడ్డా! కాలువల ఇడిసిపెట్టు, పుణ్యమొస్తది" అనెను.

ఆ రెండుమాటలును మాకు గట్టి ప్రశ్నలుగనే తోచినవి. ఒక కుటుంబమునకు చెందిన చేపలు ఒకచో ఏల మనలేవు? మనలేని వానిని కాలువలో విడుచుట పుణ్యమేనా? ఈ రెంటికిని సమాధానము చేపల చరిత్రలోనే కలదు. దానినే యిచ్చట శ్రోతలకు విన్నవించుచున్నాము.

చేపలను చూచి సంతోషించుట మన ప్రాంతమునకు నిన్నమొన్న వచ్చిన వేడుక కాదు. 12వ శతాబ్దిలో కల్యాణినుండి పాలించిన పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున 'మానసోల్లాసము' అను గ్రంథమును రచించెను. రాజులకు తగిన వినోదములను వర్ణించుచు ఆయన చేపల వేటకొక భాగమును కేటాయించి, పలు జాతుల చేపలను, వానికి వేయదగిన మేతలను వివరముగ చెప్పెను. ఆ చాళుక్యులకు సామంతులైన కందూరు చోడులు మన నల్లగొండ చెంతనున్న పానగల్లును రాజధానిగ చేసికొని, ఉదయసముద్రమను చెరువును నిర్మించిరి. చెరువులు గల దేశమున చేపలనుగూర్చిన జ్ఞానము పెరుగుట సహజము. అయినను అది గట్టుమీద నిలిచి పైనుండి చూచిన జ్ఞానము. నీటిలోపల చేప ఎట్లు బ్రతుకునో ప్రక్కనుండి చూచుటకు మానవుడు గాజుపలక వచ్చువరకు వేచియుండవలసి వచ్చెను.

ఆ పని ఇంగ్లండున జరిగినది. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక గాజుపాత్రలో నీరు పోసి, రెండు బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను ఉంచెను. కుళ్లిన ఆకులు నీటిని చెరచుట చూచి, వానిని తినుటకు నత్తలను గూడ చేర్చెను. నీరు మార్చకయే చేపలు బ్రతికినవి. ఈ సంగతిని ఆయన 1850లో అచ్చటి రసాయనశాస్త్ర సంఘమునకు తెలిపెను. 1853లో లండను జంతుశాలలో ప్రజల దర్శనార్థము మత్స్యశాల తెరువబడెను. ఆ మరుసటి సంవత్సరమున ఫిలిప్ గాస్ వ్రాసిన పుస్తకముతో 'అక్వేరియం' అను పేరు ఇంటింటికిని ప్రాకెను. మన దేశమున ప్రజలకొఱకు ఇట్టి మత్స్యశాల మొదట 1909లో మద్రాసు సముద్రతీరమున వెలసెను. బొంబాయిలోని తారాపూర్‌వాలా మత్స్యశాల 1951లో తెరువబడెను.

వారింగ్టన్ కథలో మరియొక విశేషము కలదు. ఆ నీరు ఏల చెడలేదను రహస్యము ఆయనకు పూర్తిగ తెలియదు. ఆయన కుమారునిపేరును రాబర్ట్ వారింగ్టనే. ఆ కుమారుడు వ్యవసాయ రసాయనజ్ఞుడై, రోథామ్‌స్టెడ్ పొలములలో మట్టిలోని అమ్మోనియా నైట్రేటుగ మారు విధమును పరిశోధించెను. కంటికి కానరాని క్రిములే యా పనిని చేయుచున్నవని ఆ కాలపు శాస్త్రజ్ఞులు నిరూపించిరి. పొలములో పనిచేయు ఆ క్రిములే తొట్టెలోను పనిచేయును. చేప విసర్జించు అమ్మోనియా విషము. ఒక తెగ క్రిములు దానిని నైట్రైటుగను, వేరొక తెగ క్రిములు ఆ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. క్రొత్త తొట్టెలో ఈ క్రిములు వృద్ధియగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. తొట్టె కొన్ననాడే పండ్రెండు చేపలను వదలిన బాలుని చేపలలో కొన్ని ఒకదాని కోపమువలన గాక ఈ విషమువలననే పోయియుండవచ్చును. తండ్రి ప్రయోగమును కుమారుని పరిశోధనతో కలిపి చదివినవారికి మాత్రమే తొట్టె పెట్టుట సాధ్యమగును.

ఇక ఆఫ్రికా సంగతి. అంగడివాడు 'ఆఫ్రికా చేపలు' అనిన చేపలను శాస్త్రజ్ఞులు సిక్లిడ్ కుటుంబమునకు చెందినవని చెప్పుదురు. తూర్పు ఆఫ్రికాలోని మూడు మహాసరస్సులు వీనికి పుట్టినిండ్లు. 1858 ఫిబ్రవరిలో బర్టన్, స్పీక్ అను ఆంగ్ల యాత్రికులు టాంగన్యీకా సరస్సును చేరిరి. ఆ యేటి ఆగస్టులోనే స్పీక్ ఒంటరిగ ఉత్తరమునకు పోయి విక్టోరియా సరస్సును చూచెను. 1859 సెప్టెంబరులో లివింగ్‌స్టన్ న్యాసా సరస్సును చేరెను. వారికి ముందు ఆ తీరములయందు వేల యేండ్లుగ జాలరులు వలలు వేయుచునే యున్నారు; ఐరోపావారి పటములకెక్కిన తేదీలు మాత్రమే యివి. లివింగ్‌స్టన్ వెంట నున్న వైద్యుడు జాన్ కిర్క్ సేకరించి పంపిన చేపలను ఆల్బర్ట్ గుంథర్ 1864లో వర్ణించెను. తరువాత జార్జ్ బౌలెంజర్ మరెన్నింటికో పేర్లు పెట్టెను. న్యాసాలాండు 1964లో స్వతంత్రమై మలావీ యను పేరు ధరించిన తరువాత ఆ సరస్సుకు మలావీ సరస్సు అను పేరు రూఢియైనది.

ఈ మూడు సరస్సులును ఒక్కతీరువి కావు. టాంగన్యీకా లోతు దాదాపు 1,470 మీటరులు. వయస్సు సుమారు తొంబది లక్షల యేండ్లకు పైబడినదని లెక్క. మలావీ సరస్సు లోతు 700 మీటరులు. విక్టోరియా వైశాల్యమున పెద్దదైనను లోతు నూరు మీటరులకు లోపే. సుమారు 15,000 సంవత్సరములకు మునుపు అది యెండిపోయెనని దాని అడుగుమట్టిని పరీక్షించినవారు కనుగొనిరి. మలావీలో ఎనిమిదివందలకు పైగ సిక్లిడ్ జాతులు ఉండునని అంచనా. వానిలో అధికభాగము ప్రపంచమున మరెచ్చటను లేవు.

ఇన్ని జాతులు ఒక్క నీటిలో ఎట్లు పుట్టినవి? మలావీ తీరమున బండలగుట్టలు, వాని నడుమ ఇసుకపఱ్ఱలు ఉన్నవి. బండలను ఆశ్రయించిన చేపలను అచ్చటి జాలరులు 'మ్బూనా' యందురు, అనగా రాతిచేపలు. ఇవి తాము పుట్టిన గుట్టను విడిచి ఇసుకను దాటి పోవుటకు ఇష్టపడవు. అందువలన ఒక్కొక్క గుట్టమీద ఒక్కొక్క రంగు, ఒక్కొక్క తీరు దంతము గల జాతి యేర్పడెను. కొన్ని రాతిపై పెరిగిన పాచిని గీకి తినును. కొన్ని ఆ పాచిలోని పురుగులను ఏరుకొనును. కొన్ని నడినీట తేలు సూక్ష్మజీవులను మ్రింగును. కొన్ని ఇతర చేపల పిల్లలనే వేటాడును. ఆడుచేప గ్రుడ్లను నోటిలో నుంచుకొని, సుమారు మూడు వారములు మేత దాదాపు మాని, పిల్లలై ఈదువరకు కాపాడును. మగచేప రాతిసందున ఒక చోటును ఆక్రమించి, తన రంగును పోలిన ఏ మగచేపను దరికి రానీయదు. జెఫ్రీ ఫ్రయర్ అను శాస్త్రజ్ఞుడు 1950 తరువాతి దశకమున ఆ తీరముననే యుండి ఈ రాతిచేపల జీవనమును పరిశీలించి వ్రాసెను. 1960 తరువాత ఈ చేపలు విమానములలో ఐరోపా, అమెరికా దేశములకు పోయి యింటి తొట్టెలలో స్థిరపడినవి. నేడు మన అంగళ్లలో అమ్మునవి సాధారణముగ తొట్టెలలోనే తరతరములుగ పెంచబడిన సంతతి.

బాలుని తొట్టెలో ఏలుబడి చేయుచున్న చేప మెలనోక్రోమిస్ ఆరేటస్. బౌలెంజర్ దానిని 1897లో వర్ణించెను. 'ఆరేటస్' అనగా లాటినున బంగారుపూత గలదని యర్థము. పిల్లగ నున్నపుడు నల్లచారలతో బంగారువలె మెరయును. మగది పెద్దదైనపుడు నల్లబారి, చారలు మాత్రము తెలుపెక్కును. చూపునకు ఎంత ముద్దైనదో స్వభావమున అంత కఠినమైనది. మలావీ తీరమున ఓడిన చేప పదిబారలు పారిపోయి బ్రతుకును. మూడడుగుల తొట్టెలో పారిపోవుటకు చోటేది? 'ఆఫ్రికా' అను ఒక్క పేరుతో అమ్మబడిన పండ్రెండు చేపలు మూడు సరస్సులవో, మూడు తీరుల మేతవో, ఎవరికెరుక?

కాబట్టి పొత్తు కుదురవలెనన్న మొదటి సూత్రము: ఒక తొట్టెకు ఒక సరస్సు. టాంగన్యీకా నీరు మిక్కిలి క్షారగుణము గలది. మలావీ నీటి క్షారము అంతకంటె కొంత తక్కువ. టాంగన్యీకాలో ఖాళీ నత్తగుల్లలలో కాపురముండు రెండంగుళముల చేపలు కలవు. అడుగు పొడవు పెరిగి నిదానముగ సంచరించు ఫ్రాంటోసాయు అచ్చటిదే. వీనిలో ఏ యొక్కటియు మ్బూనాల దుడుకునకు తాళలేదు.

రెండవది: ఒకే మేత. పాచి తిను చేప ప్రేగు పొడవైనది. దానికి మాంసము కలిసిన మేత మితిమీరి పెట్టినచో కడుపుబ్బి చచ్చును. మాంసము తిను చేపకు పాచిమేత చాలదు. ఈ రెంటిని ఒక తొట్టెలో నుంచినవాడు ఏదో యొకదానిని చంపుకొనును. మ్బూనాలకు స్పిరులీనా పాచి కలిపిన మేతను, రోజున రెండుమారులు, రెండు మూడు నిమిషములలో తిని ముగించునంత మాత్రమే వేయవలెను.

మూడవది: ఒక మగదానికి కనీసము మూడు నాలుగు ఆడువి. జతగా ఉంచుట మనకు మంగళకరముగ తోచును గాని, మగచేప ఒంటరి ఆడుదానిని వెంటాడి వెంటాడి చంపును. చిన్నవయస్సున ఆడుమగ గుర్తించుట కష్టము కనుక, ఒక్కొక్క జాతిలో ఆరేడు పిల్లలను కొని, పెరిగిన పిదప అధికమైన మగవానిని అంగడికి మరలనిచ్చుట మేలు.

నాలుగవది: పోలికలు గల రెండు జాతులు కూడవు. మగచేప శత్రువును రంగునుబట్టి గుర్తించును. నీలిచారలు గల రెండు జాతుల నుంచినచో నిత్యము పోరే.

ఐదవది వినుటకు వింతగ నుండును. మ్బూనాలు మరీ కొద్దిగ నుండరాదు. నాలుగే చేపలున్నచో బలమైనది బలహీనమైన యొకదానిమీదనే పడును. పదునైదు ఇరువది యున్నచో దాని కోపము పదునైదింటికి పంచబడును. అయితే చేపలు పెరిగినకొలది మలినము పెరుగును. అందుకు గట్టి వడపోత యంత్రమును, వారమున కొకమారు నాల్గవ వంతు మొదలు మూడవ వంతు నీటిని మార్చు ఓపికయు ఉండవలెను. ఓపిక లేనివారు ఈ సూత్రమును సగము మాత్రమే పాటింపరాదు.

ఈ లెక్కకు తగిన తొట్టె నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండవలెను. అది తొమ్మిది ఘనపుటడుగులు; సుమారు 255 లీటరులు. నీటి బరువే రెండున్నర క్వింటాళ్లు దాటును. గాజు, రాళ్లు చేరిన మూడు క్వింటాళ్లకు మించును. రేడియో బల్ల దానిని మోయజాలదు. ఇట్టి తొట్టెలో మూడు జాతులకు చోటు కుదురును. ఒకటి పసుపుపచ్చని లాబిడోక్రోమిస్ కేరులియస్. 'కేరులియస్' అనగా నీలమని యర్థము. 1956లో ఫ్రయర్ వర్ణించిన చేప నీలిచాయ గలది. ఇండ్లకు వచ్చిన పసుపురకము తరువాత దొరకినది. పేరొకటి, రంగొకటి. రెండవది లేతనీలపు సోకొలోఫై. మూడవది ఇనుపతుప్పు వన్నెగల ఐయోడోట్రోఫియస్. ఈ మూడును రాతిచేపలలో సాధువులు. మూడింటి రంగులు వేరు. మేత దాదాపు ఒకటే. మూడు గుంపులను ఒకేనాడు గాని, సాధువైనదానిని ముందుగ గాని వదలవలెను. తరువాత క్రొత్తచేపను చేర్చునపుడు రాళ్లను కదల్చి క్రొత్తగ పేర్చినచో పాత యజమాని యేలుబడి మాసిపోయి, అందరును క్రొత్తవారగుదురు.

ఈ విషయమున మన నల్లగొండ సీమకొక చిత్రమైన అనుకూలత కలదు. ఇచ్చటి బోరునీరు సాధారణముగ కఠినజలము, క్షారగుణము గలది. అందులోని ఫ్లోరైడు మూలమున ఈ జిల్లా ప్రజలు ఎముకలు వంగి పడిన బాధ దేశమెరిగినదే. పటిక, సున్నములతో ఆ ఫ్లోరైడును తొలగించు పద్ధతికి నాగపూరులోని పర్యావరణ పరిశోధనసంస్థ వారు 'నల్లగొండ పద్ధతి' అనియే పేరిడిరి. పప్పు ఉడకని కఠినజలము మలావీ చేపకు పుట్టినింటి నీటిని తలపించును. అయినను ప్రతి బోరునీరు ఒక్కటి కాదు, పరీక్షింపక పోయరాదు. నల్లానీటిలో క్లోరిను ఉండును గనుక, ఒక దినము పెద్ద పాత్రలో నిలువయుంచి, గాలిబుడగలు వదలి వాడుకొనవలెను. హుజూర్‌నగర్, మేళ్లచెరువు ప్రాంతములు సున్నపురాతికి ప్రసిద్ధములు; సిమెంటు కర్మాగారములు అచ్చట వెలసినది అందుకొఱకే. ఆ సున్నపురాయి తొట్టెలో పేర్చినచో నీటి క్షారమును నిలుపును. రాళ్లను ముందు అడుగున కుదురుగ నిలిపి, పిదప ఇసుక పోయవలెను. ఇసుకమీద రాయి పేర్చినచో, ఇసుకను త్రవ్వు అలవాటు గల ఈ చేపలమీదనే యొకనాడది కూలును.

మనకు చలికంటె ఎండయే శత్రువు. ఈ చేపలకు 24 మొదలు 28 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి హితము. వైశాఖ జ్యేష్ఠములలో మన యిండ్లలో అది మించిపోవును. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ కరగును. తొట్టె మూత తీసి, నీటిమీదకు పంకా గాలి తగులునట్లు చేసినచో రెండు మూడు డిగ్రీలు దిగును. కరెంటు పోయిన రాత్రులకు బ్యాటరీతో నడచు గాలియంత్రము ఒకటి ఉంచుకొనుట విధి.

ఇంతవరకు బాలుని ప్రశ్నకు సమాధానము. ఇక నాయనమ్మ మాట. దీనికి బదులు చెప్పుటకు ఇంకొక చరిత్రను తెలుపవలెను. ఆఫ్రికా సిక్లిడ్ మన కాలువలకు క్రొత్త కాదు. అది మనకంటె ముందే వచ్చి కాపురమున్నది. దానిపేరు తిలాపియా. కొన్నిచోట్ల జిలేబి చేప యందురు.

మొజాంబిక్ తిలాపియాను పీటర్స్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1852లో వర్ణించెను. 1939 ప్రాంతమున అది జావాద్వీపపు నీట కానవచ్చెను. కనుగొనిన మూజైర్ పేరే అచ్చటి ప్రజలు నేటికిని ఆ చేపకు వాడుదురు. జావానుండి అది ఆసియా అంతట వ్యాపించెను. ఆహారపు కొరత పీడించుచున్న ఆ దినములలో, ఏ నీటిలోనైన పెరిగి ఏమైన తిను ఈ చేప దేవుడిచ్చిన వరమని పెద్దలు తలచిరి. 1952లో భారతదేశమునకు దెచ్చి, దక్షిణాదిన చెరువులలోను జలాశయములలోను వదలిరి. వారి యుద్దేశము మంచిదే. కాని తిలాపియా రెండు మూడు నెలలకే యీడేరి, యేడాదిలో పలుమారులు పిల్లలను కనును. గ్రుడ్లను తల్లి నోటిలో కాపాడును గనుక నష్టము స్వల్పము. చెరువు నిండ పిల్లలు క్రిక్కిరిసి, ఏదియు జానెడు పెరుగక, బొచ్చె, రోహు వంటి మన చేపలకు మేతయు చోటును లేకుండ పోయెను. 1959లోనే మత్స్యపరిశోధక సంఘము దాని వ్యాప్తిని నిషేధించెను. అప్పటికే చేప నీట పడినది. నీటిలో పడిన చేపకు ఆజ్ఞాపత్రము చదివి వినిపించువారెవరు?

సరిగా ఆ కాలముననే మన సీమ నీటి చరిత్ర మారుచుండెను. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేసెను. లాల్ బహదూర్ కాలువ యని పేరొందిన ఎడమ కాలువ వేములపల్లి మీదుగ కృష్ణనీటిని దెచ్చెను. అంతవరకు ఏ చెరువు చేప ఆ చెరువుది, ఏ కుంట చేప ఆ కుంటది. కాలువ వాని నన్నిటిని ఒక్క త్రాటికి కట్టెను. వరిపంటకు నీరు పారినట్లే, నీటితో వచ్చిన ప్రతి ప్రాణియు ఊరూరికి పారుటకు బాట యేర్పడినది. నేడు ఈ సీమ సంతలలో తిలాపియా అమ్ముడుపోవుచునే యున్నది.

తిలాపియాను నిందించి ఊరకుండుట న్యాయము కాదు. బీదవాని పళ్లెములో అదియు ఒక పూట కూర. కట్టడిలో పెంచినచో లాభమును కలదు. 2009లో కేంద్రప్రభుత్వము నియమములతో మేలిరకపు తిలాపియా పెంపకమునకు సమ్మతించెను. విజయవాడ ప్రాంతమున రాజీవ్‌గాంధీ జలచర పెంపక కేంద్రము 2011నుండి ఆ రకమును వృద్ధిచేసెను. గట్టు గల చెరువులో, లెక్కతో పెంచుట వేరు. గట్టులేని కాలువలో వదలుట వేరు.

గట్టు లేని నీట వదలుటవలన ఏమగునో ఆఫ్రికాయే చూపినది. 1950 తరువాతి దశకమున విక్టోరియా సరస్సులో నైలు పెర్చ్ అను పెద్దచేపను వదలిరి. 1980 తరువాత అది విపరీతముగ పెరిగి, ఆ సరస్సునకే ప్రత్యేకమైన సిక్లిడ్ జాతులను వందలకొలది మ్రింగినది. సిక్లిడ్ బంధువర్గమంతయు ఒకచోట దోపిడికి గురియైనది. ఒకచోట తానే దోపిడిచేసినది. ఇంటి తొట్టెలనుండి జారిన దక్షిణ అమెరికా ముండ్లజల్ల, అనగా దెయ్యపుచేప యని జాలరులు తిట్టుకొను చేప, నేడు తెలుగుదేశపు నదులలోను చెరువులలోను వలలను చించుచున్నది. అదియు ఎవరో యొకరు పుణ్యమునకో, విసుగునకో వదలినదే.

ఇక్కడ మరియొక మాట చెప్పవలెను. సిక్లిడ్ చేప కావలెనని ముచ్చటపడువారికి మన దేశమునందే మూడు జాతులు కలవు. మన తీరపు ఉప్పుటేరులలోను, పులికాటు వంటి సరస్సులలోను పెరుగు ఎట్రోప్లస్ సురటెన్సిస్‌ను బ్లాక్ 1790లో వర్ణించెను. కేరళమువారు దానిని కరిమీన్ అని ప్రీతితో తిందురు. దాని చెల్లెలువంటి పసుపు సిక్లిడ్ నారింజరంగు గలది, మూడంగుళములు మించదు. 1795లోనే బ్లాక్ దానికి పేరిడెను. ఈ చిన్నచేప ఆ పెద్దచేప దేహముపైనున్న పురుగులను తిని శుభ్రపరచునని శాస్త్రజ్ఞులు చూచిరి. వీనికి దగ్గరి చుట్టములు మడగాస్కరున నున్నవి. ఒకనాడు ఆ భూఖండములు కలిసియుండుటచేత ఈ చుట్టరికము కలిగెనని కొందరును, తరువాత సముద్రము దాటి వచ్చినవని కొందరును వాదింతురు. విశాఖపట్టణమున కుంపిణీ కొలువులో నున్న పాట్రిక్ రస్సెల్ 1803లో ఆ తీరపు రెండువందల చేపల బొమ్మలను, స్థానికుల నోట విన్న పేర్లతో అచ్చువేయించెను. మన జాలరికి ప్రతి చేపకు ఒక పేరుండెనని ఆ గ్రంథము సాక్ష్యమిచ్చును. నేటి మన పిల్లలకు మలావీ చేప పేరు తెలిసి, ఊరి కుంటలోని చేప పేరు తెలియకపోవుట తగునా? తెలంగాణ ప్రభుత్వము 2016లో కొఱ్ఱమీనును రాష్ట్రమత్స్యముగ ప్రకటించినది. ఆ పేరైనను మిగిలినందుకు సంతోషింతము.

ఆనాటి సాయంకాలము మేము ఆ యింట నాయనమ్మకు ఈ సంగతులను తోచినంత తేలికగ చెప్పితిమి. తిలాపియా మాట రాగానే ఆమె, "అగో, మా పెద్దకుంటల పక్కెలు, పరకలు దొరకకుండ జేసింది గదేనా!" అని ముక్కుపై వేలుంచుకొనెను. తాను చిన్నతనమున కుంట ఎండినపుడు చీరకొంగుతో పట్టిన చేపల పేర్లను ఒక్కొక్కటిగ చెప్పనారంభించెను. బాలుడు ఒక కాగితము తెచ్చి వానిని వ్రాసికొనెను. అందు రెండు మూడు పేర్లు మేమును విని యెరుగము.

చేపలను కాలువలో వదలలేదు. మరునాడు బాలుడు ఆరేటస్‌ను వేరుపాత్రలో పెట్టి పట్టణమునకు కొనిపోయి అంగడికి మరలనిచ్చెను. అంగడివాడు సొమ్ము ఇయ్యలేదు. చేపను మాత్రము తీసికొనెను. పుచ్చుకొను అంగడి గాని స్నేహితుడు గాని దొరకనిచో, పెద్ద తొట్టె గలవారిని వెదకి యిచ్చుట మేలు. ఏ స్థితియందును చెరువు, కాలువ, బావి దానికి చోటు కారాదు. చచ్చిన చేపనైనను, మార్చిన తొట్టెనీటినైనను కాలువలో పోయక, చేపను మట్టిలో పూడ్చి, నీటిని కాలువకు దూరమైన చెట్టు మొదట పోయవలెను. ఆ నీటిలోని నైట్రేటు మొక్కకు మంచి ఎరువు.

మిగిలిన నాలుగు చేపలలో మూడు బ్రతికినవని, ఒకటి నోట గ్రుడ్లు పట్టి మేత మానినదని పిమ్మట బాలుడు మాకు ఫోనులో తెలిపెను. నాయనమ్మ ఆ చేపను చూచుటకు పూటపూట తొట్టెకడకు పోవుచున్నదట. "పస్తులుండి పిల్లల్ని సాకుతున్నది, దాని జోలికి పోకుండ్రి" అని యింటిల్లిపాదికి ఆజ్ఞాపించినదట.